జిమ్మా ఎవరికి?

“జిమ్మా ఎవరు తీసుకుంటారమ్మా?” అన్నాడు కోర్టు ఆర్డర్లు అమలుచేసే అమీనా.

జప్తు ఆర్డరు నా చేతిలో ఉంది. జడ్జిగారి సంతకం చెదిరిపోతుందేమో అన్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాను. మూడు రాష్ట్రాల కోర్టుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి సంపాదించిన కాగితం అది. ఇక వెళ్ళడం, క్రేనుకి తాళం వేయించడం, అంతే అనుకుని కోర్టు మెట్లు దిగుతుంటే ఈ ప్రశ్న.

“జిమ్మా అంటే?”

“జప్తు చేశాక క్రేనుని జేబులో వేసుకుని రాలేను కదమ్మా. ఈ కోర్టులో నా మోపెడ్ పెట్టుకోడానికే చోటు లేదు. ఈ ఊళ్ళో సొంత ఇల్లున్న మనిషెవరైనా ‘నా కాపలాలో ఉంచుకుంటాను, పోతే నాదే పూచీ’ అని సంతకం పెట్టాలి. సామాను మాయమైతే జైలుకి వెళ్ళేది ఆ మనిషే.”

“ఎవరూ దొరక్కపోతే?”

“ఎవరి దగ్గర జప్తు చేశామో వాళ్ళకే అప్పజెప్పి సంతకం తీసుకుంటాం. ఇక్కడ అది మామూలే.”

నా కాళ్ళు మెట్టుమీదే ఆగిపోయాయి. “వాళ్ళకేనా? వాళ్ళు పట్టుకుపోతున్నారనే కదండీ నేను ఇంత దూరం వచ్చింది!”

అమీనా మోకాలు రుద్దుకున్నాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. చెడ్డవాడిలా లేడు, కానీ ఈ మాట ఆయన చాలామందికి చెప్పి ఉంటాడు. “పొద్దు వాలితే నేను జప్తు చేయకూడదు. ఈలోపు మనిషిని చూసుకోండి. భోజనం చేసి వస్తాను.”

పక్కనే మా వకీలమ్మ గట్టిగా తుమ్మింది. కోర్టు ఫైళ్ళ దుమ్ముకి ఆవిడకి తుమ్ములు. “నేను పెట్టకూడదు, వకీళ్ళకి కుదరదు. మీరు పెట్టకూడదు, మీది ఈ ఊరు కాదు. ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. మీకు ఇక్కడ ఎవరో ఒకరు ఉంటారనుకున్నాను.”

“ఉన్నారు. మా అన్నయ్య.”

“ఆయన క్రేనేగా మనం జప్తు చేసేది!”

“అదే చెప్తున్నా.”

నవ్వాలో ఏడవాలో తెలియక ఆవిడ ఇంకోసారి తుమ్మింది.

*

అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. చిన్నప్పుడు నేను వాగుతూనే ఉండేదాన్నని పిచ్చుక అని పేరు పెట్టింది వాడే. నా పెళ్ళిలో మా ఆయనకి చేతిగడియారం పెట్టి, “బావా, నా దగ్గర పని చెయ్యి” అని తీసుకెళ్ళిందీ వాడే. క్రేను కింద నిలబడి పైనున్న ఆపరేటరుకి చేత్తో సైగలు చేయడం మా ఆయన పని. దించు, ఆపు, ఎత్తు. బ్రేకు జారుతోందని మా ఆయన చెప్పాడు. ఆపరేటరూ చెప్పాడు. “ఈ పని అయ్యాక చూద్దాం” అన్నాడు అన్నయ్య. ఆ పని అవుతుండగానే ఇనుప దూలం జారి మా ఆయన కుడికాలు మీద పడింది.

కోర్టు మాకు డిక్రీ ఇచ్చింది. నష్టపరిహారం ఎంతో రాసింది, ఎప్పటిలోగా కట్టాలో రాసింది. తీర్పు రోజుకి మా ఊళ్ళో అన్నయ్య ఆఫీసు ఖాళీ. బోర్డు కూడా ఊడదీసుకుపోయాడు. ఆస్తి అని చెప్పుకోడానికి మిగిలింది క్రేనొక్కటే. దానికేమో చక్రాలున్నాయి.

మొదట దాన్ని పక్క రాష్ట్రానికి తోలాడు. మా కోర్టు డిక్రీని అక్కడి కోర్టుకి బదిలీ చేసింది. ఫైలు కదిలి, అక్కడ నంబరు పడి, నోటీసు వెళ్ళి, మేం చేరేసరికి నేలమీద నూనె మరక తప్ప ఏమీ లేదు. ఫైలు వెనక్కి తెచ్చుకుని, ఇదిగో, ఈ రాష్ట్రానికి మళ్ళీ బదిలీ చేయించుకున్నాం. క్రేను ఒక్క పూటలో దాటే హద్దుని కాగితం దాటడానికి నెలలు పడుతుంది. ఆ సంగతి మాకంటే అన్నయ్యకి బాగా తెలుసు.

ఈరోజు పొద్దున్న నేను యార్డుకి ఫోను చేసి, గొంతు మార్చి, నీళ్ళ ట్యాంకు ఎత్తించాలి, క్రేను కిరాయికి కావాలి అన్నాను. ఫోనెత్తినవాడు ఆపరేటరై ఉంటాడు. “క్రేను అమ్మేశారండీ, రేపు పొద్దున్నే ట్రెయిలర్ మీద వెళ్ళిపోతోంది” అన్నాడు. ఎక్కడికి అంటే ఇంకో రాష్ట్రం పేరు చెప్పాడు.

ఇంకో రాష్ట్రం దాకా పరుగెత్తేంత సమయం నా దగ్గర లేదు. ఉన్నది రేపు సాయంత్రం దాకానే. మా ఆయన ఎముకలో చీము ఆగడం లేదు. డాక్టరు తేల్చేశాడు. డబ్బు కడితే పెద్ద సర్జను వచ్చి చెడిన ఎముక తీసి కొత్తది అతికిస్తాడు. కట్టకపోతే మోకాలి పైనుంచి తీసేయాలి. రేపు సాయంత్రం దాటితే అతికించడానికి ఏమీ మిగలదు.

మధ్యాహ్నం మా ఆయన ఫోను చేశాడు.

“ఏమైంది?”

“ఆర్డరు వచ్చింది.”

“శుభం. ఒకవేళ కుదరకపోతే బెంగపెట్టుకోకు. చెప్పుల ఖర్చు సగం తగ్గుతుంది.”

“నోర్ముయ్,” అన్నాను. వెనక నర్సు ఏదో అంటోంది. ఆయన నవ్వు ఆగిపోయి ఊపిరి మాత్రం వినబడింది. నొప్పి వచ్చినప్పుడు అలాగే చేస్తాడు. “పెట్టేస్తున్నా” అన్నాను. ఎవరు ముందు పెట్టేశారో గుర్తులేదు.

*

తెలియని ఊళ్ళో నడిరోడ్డు మీద నిలబడి “నా కోసం జైలు పూచీ పడతారా” అని అడగడం ఎలా ఉంటుందో అడిగితేగానీ తెలియదు.

లాడ్జి మేనేజరు, “అమ్మా, మీరు రూము ఖాళీ చేసేటప్పుడు బకెట్టు ఉందో లేదో చూసుకునేవాణ్ణి నేను. క్రేనుకి పూచీ ఏం పడతాను?” అన్నాడు. జిరాక్సు షాపులో ఆవిడ భర్తని అడిగి చెప్తానంది. భర్త లోపలినుంచే వద్దన్నాడు. వకీలమ్మ తన పాత క్లయింట్లకి వరసగా ఫోన్లు చేసింది. ఒకాయన పెళ్ళిలో ఉన్నాడు, ఇంకొకాయన ఎత్తలేదు, మూడో ఆయన “మీ ఫీజే ఇంకా ఇవ్వలేదు, మళ్ళీ ఇదా” అన్నాడు.

“వీడు నిజాయితీపరుడు,” అంది వకీలమ్మ ఫోను పెట్టేస్తూ.

చివరికి యార్డు పక్కనే పాత ఇనుము కొట్టుకి వెళ్ళాం. అందరూ ఆయన్ని ఇనుపాయన అంటారట. గుట్టలుగా పోసిన ఊచల మధ్య విరిగిన బస్సు సీటు మీద కూర్చుని ఉన్నాడు. నేను చెప్పిందంతా విని మెడ గోక్కున్నాడు.

“వేలం దాకా వెళ్తే నాకు ముందు కబురు చెప్తారా?”

“చెప్తాం,” అంది వకీలమ్మ.

“ఇల్లు నా పేరుమీదే ఉంది. పన్ను రశీదు తెచ్చుకుంటా. ఆ మహానుభావుడు నా గోడకి ఆనించి డీజిలు డ్రమ్ములు పెడుతున్నాడు, ఎన్నిసార్లు చెప్పినా వినడు. పదండి, ఇవాళ వింటాడు.”

ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను. “అబ్బే, వద్దమ్మా, బూట్లనిండా గ్రీజు,” అని వెనక్కి జరిగాడు.

*

యార్డు గేటు తీసే ఉంది. క్రేను నీలం రంగులో మెరుస్తోంది. మా ఆయన మీద దూలం పడినప్పుడు అది పసుపు. దాని ముందు పొడవాటి ట్రెయిలర్ వెనక్కి తిప్పి సిద్ధంగా పెట్టి ఉంది. ట్రెయిలర్ డ్రైవరు క్యాబిన్లో కాళ్ళు బయటికి చాపి నిద్రపోతున్నాడు.

“పిచ్చుకా!” అన్నయ్య రెండు చేతులూ చాపుకుంటూ వచ్చాడు. “చెప్పకుండా వచ్చావేంటే? అన్నం తిన్నావా? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో!”

నాకు ఒక్క క్షణం నిజంగానే ఏడుపొచ్చింది. వాడి గొంతులో ఆ మహిమ ఉంది.

“బావ కాలు ఎలా ఉంది?”

“నువ్వు డబ్బు కడితే ఉంటుంది.”

వాడి చేతులు దిగిపోయాయి. అప్పటికే అమీనా మోపెడ్ స్టాండు వేసి, ఆర్డరు తీసి చదవడం మొదలుపెట్టాడు. అన్నయ్య చివరిదాకా విన్నాడు. మధ్యలో కుర్చీలు తెప్పించాడు, చల్లటి నీళ్ళు తెప్పించాడు.

“రంగు వేరే రాసుంది సార్ ఇందులో. ఇది నీలం కదా.”

“రంగుతో పని లేదు,” అన్నాడు అమీనా. కింద వంగి, గుడ్డతో గ్రీజు తుడిచి, ఛాసిస్ నంబరు ఒక్కో అంకె చదివాడు. వకీలమ్మ ఆర్డరులో చూసి ఒక్కో అంకెకీ ఊఁ కొట్టింది. అన్నీ సరిపోయాయి.

అన్నయ్య నిట్టూర్చాడు. “సార్, మీ పని మీరు చేస్తున్నారు, కాదనను. కానీ ఇది నాది కాదు. మా ఆవిడది. ఎప్పుడో తన పేరు మీదకి మార్చేశాను.”

“ఆవిడ్ని పిలవండి,” అన్నాడు అమీనా. “నాదే అని ఆవిడ అంటే అదే రాసుకుని వెళ్ళిపోతాను. నిజమో అబద్ధమో జడ్జిగారు తర్వాత తేల్చుకుంటారు.”

వకీలమ్మ నా చెవిలో అంది, “ఆ తర్వాత అనేది వచ్చేసరికి క్రేను ఈ రాష్ట్రంలో ఉండదు.”

యార్డు మూల రేకుల గదిలోంచి వదిన వచ్చింది. ఈ యార్డు స్థలం వాళ్ళ నాన్నది. లెక్కలు రాసేది, డీజిలు పోయించేది, గేటు వేసేది అన్నీ తనే. నన్ను చూసి తలూపింది, పలకరించలేదు.

“ఏం లేదు,” అన్నాడు అన్నయ్య, “ఈ క్రేను నాదే అని సారుకి ఒక్క మాట చెప్పు, చాలు.”

వదిన నోరు తెరిచింది. నాకు ఇంకేమీ తోచలేదు. వాగడం ఒక్కటే వచ్చు.

“వదినా, అన్నయ్య నీదే అంటున్నాడు, సరే. నీ క్రేనుని రేపు పొద్దున్నే కొన్నవాళ్ళకి పంపించేస్తున్నారని నీకు తెలుసా?”

“కొన్నవాళ్ళేంటి?” వదిన వాడివైపు తిరిగింది. “ఆనకట్ట పనికి కిరాయికి అన్నావు?”

“కిరాయికే! అది పిచ్చుక, దాని మాటలు నువ్వు...”

వదిన వాడి మాట పూర్తి కానివ్వలేదు. తిన్నగా ట్రెయిలర్ దగ్గరికి వెళ్ళి డ్రైవరు కాలు తట్టింది. “బాబూ, క్రేనుని తిరిగి ఎప్పుడు తెస్తారు?”

డ్రైవరు కళ్ళు నులుముకున్నాడు. “తిరిగి తేవడమేంటమ్మా? సారు ఒకవైపు కిరాయే మాట్లాడారు. క్రేనూ, ఆయనా, ఆయన పెట్టెలూ.”

ఇనుపాయన “పెట్టెలా!” అన్నాడు.

వదిన వెనక్కి వచ్చి అమీనా ముందు నిలబడింది. గొంతు పెద్దది చేయలేదు. “నాది కాదండీ. నా పేరుమీద ఏ కాగితమూ లేదు. ఉంటే చూపించమనండి.”

*

అమీనా రాయడం మొదలుపెట్టాడు. నేను ఇనుపాయన కోసం చూశాను. ఆయన బస్తాల వెనక అన్నయ్యతో ఉన్నాడు. అన్నయ్య చేయి ఆయన భుజం మీద ఉంది. మాటలు వినబడలేదు, కానీ అన్నయ్య యార్డంతా చూపిస్తున్నాడు. పాత ఇంజను, తుప్పు పట్టిన గొలుసులు, ఊడదీసిన పాత క్రేను చెయ్యి, అన్నిటినీ వేలితో. ఇనుపాయన తల మెల్లగా ఊగుతోంది.

వచ్చి నా మొహం చూడకుండా అన్నాడు. “పన్ను రశీదు కనబడ్డం లేదమ్మా. మా ఆవిడ ఎక్కడ పెట్టిందో.”

“మీ జేబులో ఉంది. మూల బయటికి కనబడుతోంది,” అన్నాను.

ఆయన జేబు వైపు చూసుకున్నాడు. “ఇది పోయినేడుది,” అని గేటు దాటి వెళ్ళిపోయాడు.

సూర్యుడు రేకుల గది పైకప్పు అంచుకి వచ్చాడు. అమీనా ఆకాశం వంక చూసి పెన్ను క్యాపు తీశాడు. “ఇక ఎవరూ లేరు కదమ్మా? యార్డువాళ్ళకే అప్పజెబుతాను.”

“నాకివ్వండి! నేను ఇక్కడే, దీని చక్రం కిందే పడుకుంటాను. కదిలిస్తే నా మీదనుంచే కదిలిస్తారు!”

“మీకు ఇవ్వకూడదమ్మా.”

“అయితే సీలు వేసి వదిలేయండి!”

“సంతకం లేకుండా జప్తు జప్తే కాదు.”

అన్నయ్య అప్పటికే చేయి చాపాడు, పెన్ను కోసం. వాడి మొహంలో గెలిచిన గర్వం కూడా లేదు, పని అయిపోతోందన్న తీరిక ఉంది. “ఏడవకే పిచ్చుకా. నేనేం పారిపోతున్నానా? బావ కాలు నేనేం విరగ్గొట్టానా? దేవుడు రాసింది.”

“బ్రేకు దేవుడు చూసుకుంటాడా?”

ఆ పెన్ను వాడి చేతికి చేరలేదు. మధ్యలో వదిన తీసుకుంది.

“యార్డు మా నాన్నది. నేను ఈ ఊరిదాన్నే. నా సంతకం చెల్లుతుందా?”

అమీనా తికమకపడ్డాడు. “మీరు ఆయన భార్య...”

“భార్య సంతకం పెట్టకూడదని ఎక్కడైనా ఉందా?”

“లేదు,” అంది వకీలమ్మ వెంటనే. ఎంత ఉద్వేగమో, తుమ్ము కూడా మరిచిపోయింది.

“క్రేను కదిలితే జైలుకి వెళ్ళేది నేనే కదా?”

“అవునమ్మా.”

వదిన రేకుల గది గోడకి కాగితం ఆనించి సంతకం పెట్టింది. అన్నయ్య “ఏయ్, నీకేమైనా పిచ్చా?” అని కేకేసేసరికి తారీకు కూడా వేసేసింది. అమీనా స్టీరింగుకి తాడు కట్టి లక్కతో సీలు వేశాడు. అప్పటికి గది కప్పు మీద కొంచెం వెలుగు మిగిలింది.

నేను వదిన చేతులు పట్టుకోబోయాను. తను వెనక్కి లాక్కుంది.

“నీ కోసం కాదు. మీ ఆయన కాలి కోసం కూడా కాదు. దీని ఇంజను బాగుచేయించడానికి మా నాన్న ఈ స్థలం తాకట్టు పెట్టాడు. ఇది ఇక్కడ ఉన్నంత వరకే మీ అన్నయ్య ఇక్కడ ఉంటాడు. నాకు ఇప్పుడే అర్థమైంది. ఇక వెళ్ళు.”

*

పొద్దున్న వకీలమ్మ గదికి వెళ్ళేసరికి అన్నయ్య నాకంటే ముందే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా ఫోను అప్పటికే రెండుసార్లు మోగింది, రెండుసార్లూ ఆస్పత్రి నుంచే. సాయంత్రానికి ఏ ఏర్పాటు చేయమంటారు అని అడుగుతున్నారు. పెద్ద సర్జనుకి కబురు పంపాలా, అక్కర్లేదా?

“కొన్నవాడితో మాట్లాడాను,” అన్నాడు అన్నయ్య. “వాడికి క్రేను ఈరోజే కావాలి. నీ డిక్రీ డబ్బు మొత్తం, వడ్డీతో సహా, వాడే కట్టేస్తానంటున్నాడు. మిగిలింది నాకిస్తాడు.”

“కోర్టులో కట్టమనండి,” అంది వకీలమ్మ.

“కోర్టులో కడితే అది పిచ్చుక చేతికి ఎప్పుడొస్తుంది మేడమ్?”

వకీలమ్మ నావైపు చూసింది. కోర్టులో పడ్డ డబ్బు బయటికి రావడానికి మళ్ళీ అర్జీలు, మళ్ళీ వాయిదాలు. వారాలు.

“అదే నేరుగా బావ ఆస్పత్రికి పంపిస్తే?” అన్నాడు అన్నయ్య. “ఇక్కణ్ణుంచే, ఇప్పుడే. డబ్బు చేరిందని వాళ్ళు ఫోను చేశాక నువ్వు జడ్జిగారి ముందుకి వెళ్ళి ‘నా డిక్రీ తీరింది, జప్తు ఎత్తేయండి’ అను. ఒక్క మాట. వద్దంటావా, సరే. వేలం దాకా ఆగుదాం. బావ కాలు కూడా ఆగుతుందేమో కనుక్కో.”

“మిగిలిన డబ్బులో వదిన వాళ్ళ నాన్న తాకట్టు విడిపిస్తావా?”

“అది మా మొగుడూ పెళ్ళాల సంగతి.”

“విడిపిస్తానని రాసిస్తే నేను ఊఁ అంటాను.”

అన్నయ్య లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. “అయితే వద్దులే,” అని తలుపు దాకా వెళ్ళాడు. వాడు నిజంగానే గడప బయటికి అడుగు వేశాడు. నన్ను చిన్నప్పటినుంచీ చూసినవాడు. ఎంతసేపట్లో పిలుస్తానో వాడికి తెలుసు.

“ఆగు,” అన్నాను.

తలుపు బయట బల్ల మీద వదిన కూర్చుని ఉంది. జప్తు ఎత్తేస్తే జిమ్మాదారు వచ్చి అప్పగింత సంతకం పెట్టాలట, అందుకని పిలిపించారు. తలుపు తెరిచే ఉండడంతో అంతా విన్నది.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

“నిన్న సాయంత్రం నా జైలు నేనే రాసుకుని నీకు క్రేను నిలబెట్టాను,” అంది. “నీ కోసం కాదనుకో. అయినా నిలబడింది నీకే కదా. కొన్నాళ్ళు ఆగలేవా? వేలంలో నీ డబ్బు నీకొస్తుంది. మిగిలింది ఇక్కడి కోర్టులోనే ఉంటుంది, మా నాన్న అడుక్కోవచ్చు. ఇప్పుడు నువ్వు ఊఁ అన్నావంటే మధ్యాహ్నానికి మీ అన్నయ్య హద్దు దాటిపోతాడు.”

“ఆయన కాలు తీసేస్తారు వదినా. ఈ సాయంత్రం.”

“తెలుసు.”

“ఏం చేయమంటావు?”

“నన్నడుగుతావేంటి?” అంది. కోపంగా కాదు. అలిసిపోయిన గొంతుతో. “నేనైనా అదే చేస్తాను. అయినా అడగాలి కదా. అడక్కపోతే ఎలా?”

నేను వకీలమ్మ దగ్గరికి వెళ్ళి అడిగాను. వదిన వాళ్ళ నాన్నకి ఏ దారీ లేదా?

“ఉంది. అల్లుడి మీద దావా వేయొచ్చు. డిక్రీ వస్తుంది. ఆయన ఏ రాష్ట్రంలో ఆస్తి కొంటే ఆ రాష్ట్రానికి డిక్రీ బదిలీ చేయించుకోవచ్చు. అక్కడి అమీనాని తీసుకుని వెళ్ళొచ్చు.” ఆవిడ నా కళ్ళలోకి చూడలేదు. “మీకు తెలిసిందేగా.”

తెలుసు. ఒక్కో మెట్టూ తెలుసు. ఒక్కో బల్లా, ఒక్కో గుమాస్తా మొహమూ తెలుసు.

ఫోను మళ్ళీ మోగింది. ఆస్పత్రి. ఈసారి మా ఆయనే. నర్సు చేతిలోంచి ఫోను లాక్కున్నట్టున్నాడు. జోకు వేయలేదు. “ఏదో ఒకటి తేల్చెయ్యవే, నా వల్ల కావడం లేదు,” అన్నాడు. ఆయన ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు.

తిరిగి గదిలోకి వెళ్ళి అన్నయ్యతో “పంపించు” అన్నాను.

డబ్బు చేరిందని ఆస్పత్రి చెప్పేదాకా కోర్టు హాలు బయట నిలబడ్డాం. చేరింది. పెద్ద సర్జనుకి కబురు వెళ్ళింది. లోపలికి పిలిచారు. జడ్జిగారు తలెత్తి, “మీ డిక్రీ మొత్తం తీరిందా? ఎవరి బలవంతమూ లేదు కదా?” అని అడిగారు.

వెనక వదిన నిలబడి ఉందని నా వీపుకి తెలుస్తోంది.

“తీరిందండీ. బలవంతమేమీ లేదు,” అన్నాను. ఏడాదికి పైగా నేను ఏ కోర్టులోనూ అబద్ధం చెప్పలేదు. అదొక్కటే చెప్పాను.

వదిన అప్పగింత సంతకం పెట్టింది. నిన్నటి సంతకం కంటే తొందరగా పెట్టింది. అమీనా సీలు విప్పడానికి మోపెడ్ ఎక్కాడు, అన్నయ్య ఆయన వెనక కూర్చున్నాడు. మోకాలి నొప్పి మనిషి వెనక ఇస్త్రీ చొక్కా మనిషి. వెళ్తూ వెళ్తూ నాకు చేయి ఊపాడు. “బావని అడిగానని చెప్పు!”

కోర్టు మెట్ల మీద వదినా నేనూ మిగిలాం. తను సంచీ భుజాన వేసుకుంది.

“వదినా...”

“బస్సు ఉందేమో చూసుకో. సాయంత్రానికి నువ్వు అక్కడుండాలి కదా.”

రెండు మెట్లు దిగి ఆగింది. తిరిగి చూడలేదు. మళ్ళీ ఎక్కి నన్ను దాటుకుని వకీలమ్మ గదివైపు వెళ్ళింది. తలుపు దగ్గర నిలబడి అడగడం నాకు వినబడింది.

“మేడమ్, దావా వేయాలంటే ముందు ఏం చేయాలి?”

లోపల వకీలమ్మ తుమ్మింది. “కూర్చోండి,” అంది. నేను బస్టాండు వైపు పరుగెత్తాను.